చిట్టి తెచ్చిన నీళ్ళు

"వీధి వీధంతా వచ్చి వెళ్ళింది. మన చిట్టి మాత్రం రాలేదు" అంది పంపమ్మ, వెనక గుమ్మం వైపు చూస్తూ.

బోరు మేస్త్రి తల ఎత్తలేదు. పెరట్లో బోరు నుంచి పైకి లాగిన పైపులను గోడవారగా పేర్చుకుని, ఒక్కొక్కదాని మరలకు పట్టిన తుప్పును గుడ్డతో తుడుస్తున్నాడు. మొన్న సాయంత్రం మోటారు కాలిపోయింది. నిన్నంతా పైపులు లాగడానికే సరిపోయింది. మోటారు ఇప్పుడు వైండింగ్ షాపులో, పేగులు బయటపెట్టుకుని పడి ఉంది.

"నీళ్ళు లేని ఇంటికి బిందెలు పట్టుకుని ఎందుకొస్తుందే?" అన్నాడు చివరికి.

"నీళ్ళ కోసమేనా అది వచ్చేది?"

"కాకపోతే? నీ మొహం చూడ్డానికా?"

అన్నాక ఆయనకే బాగోలేదనిపించింది. చేతిలో పైపు పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాడు. పంపమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో తిట్టు కంటే పెద్దది.

పొద్దునా సాయంత్రం వీధివాళ్ళ కోసం మోటారు వేసేది ఆమె కాబట్టి అందరూ ఆమెను పంపమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఒక్కతే కూతురు చిట్టి. దూరం సంబంధాలు ఎన్ని వచ్చినా పంపమ్మ పట్టుబట్టి కాదంది. ఆమె చిన్నప్పుడు వాళ్ళక్క అత్తారింటికి వెళుతుంటే బండి వెనక ఊరి చివరిదాకా పరుగెత్తింది. ఆ తర్వాత అక్కను చూసింది ఎన్నిసార్లంటే చేతి వేళ్ళు చాలు లెక్కకి. అందుకే చిట్టిని వెనక సందులోకే ఇచ్చింది. పెరటి తలుపు తీసి, సందు దాటితే వియ్యంకుడి మొక్కల నర్సరీ. అరిస్తే వినపడుతుంది.

అయినా పెళ్ళయిన కొత్తలో చిట్టి వారానికొకసారి వస్తే గొప్ప. పోయినేడు వియ్యంకుడి బావి అడుగంటింది. అప్పటి నుంచి రెండు పూటలా రెండు బిందెలతో పెరటి తలుపు దగ్గర కూతురు. నీళ్ళు పట్టుకుంటూ అత్తగారి మీద నాలుగు చాడీలు, మొగుడి మీద రెండు, ఒక కప్పు టీ.

ఆ బావి ఎండినందుకు సంతోషించిన మనిషి ఈ ఊళ్ళో ఎవరైనా ఉంటే అది తనే. ఈ మాట పంపమ్మ ఎవరితోనూ అనలేదు. తనలో తాను కూడా గట్టిగా అనుకోలేదు.

ఎదురింటి టైలరమ్మ ఖాళీ బకెట్టుతో మళ్ళీ వచ్చింది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"ఏమక్కా, ఇంకా లేవలేదా మీ పేషెంటు?"

"సాయంత్రానికి వస్తుందన్నాడు వైండింగాయన."

"ఊరంతటికీ నీళ్ళు చూపించే మేస్త్రిగారింట్లోనే బోరు పడకేస్తే ఇంక మాబోటివాళ్ళం ఎవరితో చెప్పుకోవాలి? అన్నా, నువ్వు ఎండని బోరు మేస్త్రివని పేరు. ఇప్పుడు మార్చమంటావా?"

"బోరు ఎండలేదమ్మా, మోటారు కాలింది. రెండూ ఒకటి కాదు" అన్నాడు మేస్త్రి, నవ్వకుండా.

"నా కుండకి రెండూ ఒకటే." బకెట్టు బోర్లించి దాని మీదే కూర్చుంది. "అంతా ఆ చివర లేచిన పెద్ద భవనంవల్ల. వాళ్ళు రాత్రీ పగలూ తోడుతున్నారు. పై అంతస్తులో ఈతకొలను కూడానట. మనం మొహం కడుక్కోవడానికి ఆలోచిస్తుంటే వాళ్ళు ఆకాశంలో ఈదుతారట!"

మేస్త్రి పైపు తుడవడం ఆపాడు. ఆ భవనానికి బోరు వేసింది ఆయనే. టైలరమ్మకి ఆ సంగతి తెలుసు. తెలిసే అంది. తెలిసే ఆయనా ఊరుకున్నాడు.

* * *

మధ్యాహ్నం దాటాక పెరటి తలుపు కిర్రుమంది.

"అమ్మా, పట్టుకో, పట్టుకో, జారిపోతోంది!"

చిట్టి చంకలో బిందె. నడుస్తుంటే అంచు నుంచి నీళ్ళు ఒలికి నడుం తడిసిపోయింది. పంపమ్మ పరుగెత్తి బిందె అడుగు పట్టుకుంది. బరువుకి మోచేతులు వంగాయి. ఏడాదిగా ఈ తలుపులోంచి నిండు బిందెలు అటు వెళ్ళడమే కానీ ఇటు రావడం ఆమె చూడలేదు.

"ఎక్కడివే ఇవి?"

"ఎక్కడివేమిటి? మా బావివి!"

మేస్త్రి చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

చిట్టి గుమ్మంలో కూలబడి, ఊపిరి కూడదీసుకోకుండా చెప్పడం మొదలుపెట్టింది. "పొద్దున అత్తయ్య చేద వేసింది. ఎప్పుడూ రాయికి కొట్టుకున్న చప్పుడే కదా. ఇవాళ బుడుంగుమంది. అత్తయ్య భయపడి తాడు వదిలేసింది! మామయ్య పరుగెత్తుకొచ్చి చూస్తే రెండు వరలు మునిగున్నాయి. అప్పటి నుంచి బావి దగ్గర్నుంచి కదిలితే ఒట్టు. వంగి వంగి చూస్తున్నాడు. పడిపోతాడేమోనని అత్తయ్య వెనక నుంచి చొక్కా పట్టుకుని నిలబడింది. టిఫిన్ లేదు, ఏమీ లేదు. నేను రావడానికి ఇంతసేపు పట్టింది అందుకే."

"వాన కూడా లేదే" అంది పంపమ్మ.

"అదే కదా! నిన్న మధ్యాహ్నం అడుగున కొంచెం చెమ్మ కనిపించిందట. రాత్రి గడిచేసరికి ఇలా. మామయ్య ఏమంటున్నాడో తెలుసా? ఆ పెద్ద భవనం వాళ్ళ మోటారు కాలిపోయుంటుందట. కాలిన మోటారు జన్మలో బాగుపడకూడదు, బాగుచేసేవాడి చెయ్యి విరగాలి అంటున్నాడు."

చిట్టి పకపకా నవ్వింది. తల్లీ తండ్రీ నవ్వలేదు.

మేస్త్రి లేచి వచ్చాడు. బిందెలో చెయ్యి ముంచి, అరచేతిలోకి తీసుకుని ఒక గుక్క తాగాడు. మూతి తుడుచుకోలేదు. నీళ్ళు గడ్డం మీంచి కారుతుంటే అలాగే నిలబడ్డాడు.

"ఏం నాన్నా, బాగాలేవా?"

"బాగున్నాయమ్మా. చాలా బాగున్నాయి."

"అమ్మా, అసలు సంగతి వినవేం? సాయంత్రం నర్సరీ కొనేవాళ్ళు వస్తామన్నారుగా. ఈ నీళ్ళు నిలిచేవే అని నమ్మకం కుదిరితే వాళ్ళని వెనక్కి పంపేస్తానన్నాడు మామయ్య. మేం మరిదిగారి ఊరు వెళ్ళక్కర్లేదు. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ కూర్చోనక్కర్లేదు."

వారం రోజులుగా పంపమ్మ గొంతులో అడ్డుపడి ఉన్నది ఆ రైలే. పోయిన వారం వియ్యంకుడు అమ్మకం మాట చెప్పినప్పుడు, "మీ మొక్కలతోపాటు నా బిడ్డని కూడా పీక్కుని పోతారా?" అని ఆమె సందులో నిలబడి అరిచింది. అప్పటి నుంచి ఆయన ఈ గుమ్మం తొక్కలేదు. ఈమె ఆ గుమ్మం ఎక్కలేదు.

"ఇంక పొద్దున్నే వచ్చి నీ ప్రాణం తియ్యనులే" అంది చిట్టి, తల్లి మోకాలి మీద గడ్డం ఆనించి.

"ఖాళీ బిందెతోనైనా రావచ్చుగా" అంది పంపమ్మ.

* * *

చిట్టి వెళ్ళాక ఇద్దరూ గుమ్మంలోనే కూర్చున్నారు. నిండు బిందె వాళ్ళ మధ్య, చుట్టం లాగా కూర్చుని ఉంది.

"మొన్న సాయంత్రం మన మోటారు ఆగింది" అంది పంపమ్మ.

"ఊఁ."

"నిన్న మధ్యాహ్నం వాళ్ళ బావిలో చెమ్మ వచ్చింది."

"నాకు లెక్కలు రాకపోతే కదా నువ్వు చెప్పడానికి!"

"అరవకండి. అడుగుతున్నాను. మన బోరుకీ వాళ్ళ బావికీ ఏమిటి సంబంధం? మనది పాతాళం దాకా వెళ్ళింది. వాళ్ళది ఇంతోటి బావి."

మేస్త్రి మూతలేని బోరు నోటి వైపు చూశాడు. ఒకప్పుడు ఈ వీధిలో బోరు బండి పెడితే పూట గడవక ముందే తడి మట్టి పైకి చిమ్మేది. పిల్లలు కేకలు వేసేవారు. ఇప్పుడు తెల్లారిందగ్గర్నుంచి తొలిచినా వచ్చేది ఎండు రాతిపొడే. అది చెట్ల మీద, కిటికీల మీద, ఆయన కనుబొమల మీద తెల్లగా పేరుకుంటుంది. చిట్టి చిన్నప్పుడు దాన్ని నాన్న పౌడరు అనేది.

"పోయినేడు వాళ్ళ బావి తగ్గుతోందని మనది లోతు చేశాను కదా" అన్నాడు. "మామూలుగా అయితే పై పొర నీళ్ళు లోపలికి దిగకుండా గట్టి కేసింగు పైపు దించాలి. నేను ఆ పైపుకి కావాలనే బెజ్జాలు వేశాను."

"ఎందుకు?"

"పై నీళ్ళు కూడా కలిసొస్తాయని. పిల్ల ఇంటికీ మన ఇంటికీ చాలాలి కదా అని. అందరికీ వేసినట్టు వేసి ఉంటే ఇంత చేటు వచ్చేది కాదు. కూతురి కోసం కదాని ప్రత్యేకంగా వేశాను."

పంపమ్మకి సగమే అర్థమైంది. ఆ సగం చాలు. బావి తగ్గిందని పిల్లకు నీళ్ళివ్వడానికి ఈయన బోరు లోతు చేశాడు. ఈ బోరు తాగేసరికి ఆ బావి పూర్తిగా ఎండింది. ఏడాదిగా చిట్టి రోజూ మోసుకెళ్ళింది వాళ్ళ నీళ్ళే. ఇక్కడ నుంచి అక్కడికి, చంకన పెట్టుకుని.

"ఎవరికీ చెప్పకండి" అంది.

ఆయన తల తిప్పి చూశాడు.

"వైండింగ్ సరిగా కుదరలేదని చెప్పండి. నాలుగు రోజులు. ఆ కొనేవాళ్ళు వెనక్కి వెళ్ళిపోయేదాకా. వీధివాళ్ళు ట్యాంకరు తెప్పించుకుంటారు."

"నా చేతిలో మోటారు బాగవలేదని నా నోటితో నేను చెప్పాలా?"

"చెబితే పరువు మునిగిపోతుందా?"

"మునగడానికి నీళ్ళుండాలిగా" అన్నాడు మేస్త్రి. ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వేవారు.

"నాలుగు రోజులయ్యాక?" అని ఆయనే మళ్ళీ అడిగాడు. "మోటారు వెయ్యనా మాననా? వేస్తే వాళ్ళ బావి పోతుంది. అమ్మకం మానుకున్న పాపానికి బావగారు మట్టి కొట్టుకుపోతాడు. వెయ్యకపోతే వీధి నోరెండుతుంది."

"బోరు మూసేద్దాం."

"మనదొక్కటి మూస్తే ఊరు నిండుతుందా? ఈ ఊళ్ళో సగం బెజ్జాలు నావే. చెరువు పూడ్చి బస్టాండు కట్టారు. వీధులన్నిటికీ సిమెంటు వేశారు. పడ్డ వాన పడ్డట్టే కాలవలోకి పోతుంది. కిందికి దిగేది చుక్క లేదు. పైకి లాగేవాణ్ణి మాత్రం నేనున్నాను." గోడవార పైపుని చేత్తో తట్టాడు. "భూమి లోపల గోడలుండవే. ఇది మనింటి నీరు, అది వాళ్ళింటి నీరు అని రాసిపెట్టి ఉండదు."

"నాకు భూమి సంగతి వద్దు. నా పిల్ల రైలెక్కకూడదు. అంతే."

ఆయన చొక్కా తొడుక్కున్నాడు. వైండింగ్ షాపుకి బయలుదేరాడని ఆమెకు తెలుసు. ఆపలేదు. ఆయన వెళ్ళాక బిందె మీద మూత పెట్టింది. ఆ నీళ్ళు తాగడానికి మనసు రాలేదు, పారబొయ్యడానికి అంతకన్నా రాలేదు.

* * *

సాయంత్రం ఎండ గోడ దిగేసరికి మోటారు లోపలికి దిగింది. మేస్త్రి, వైండింగాయన కలిసి ఒక్కో పైపూ బిగిస్తుంటే, ముందు గేటు నుంచి పెరటి దాకా బిందెలు, బకెట్లు, ప్లాస్టిక్ డబ్బాలు వరస కట్టాయి. మనుషుల కంటే ముందు గిన్నెలే వచ్చి నిలబడ్డాయి. చిట్టి కూడా తన రెండో బిందె ఖాళీగా పట్టుకుని వచ్చింది.

"ఇదెందుకే, మీకు బావి ఉందిగా?" అంది టైలరమ్మ.

"అమ్మ ఖాళీ బిందెతోనైనా రమ్మంది" అంది చిట్టి నవ్వుతూ. పంపమ్మ గుండె చెరువైంది.

అప్పుడే పెరటి తలుపులో వియ్యంకుడు కనిపించాడు. కాళ్ళకి మోకాళ్ళ దాకా తడి మట్టి. చేతిలో చిన్న కుండీ, అందులో గులాబీ అంటు.

"బావగారూ" అన్నాడు, లోపలికి రావాలా వద్దా అన్నట్టు గడప దగ్గరే నిలబడి. "చెల్లెమ్మా, నా మీద కోపం ఉంటే తర్వాత తీర్చుకుందువుగాని."

"లోపలికి రండి అన్నయ్యగారూ" అంది పంపమ్మ.

"ఇవాళ ఏడాది తర్వాత మొక్కలకి కడుపునిండా నీళ్ళు పెట్టాను. ఇదిగో, ఇది తేరుకుంది. మీకిద్దామని." కుండీ అరుగు మీద పెట్టాడు. "కొనేవాళ్ళు బయల్దేరారట. వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి. నాకు మొక్కల సంగతి తెలుసు కానీ నీళ్ళ సంగతి తెలియదు. మీరు చెప్పండి బావగారూ. ఈ నీళ్ళు ఎందుకొచ్చాయి? నిలుస్తాయా? మీరు నిలుస్తాయంటే వాళ్ళని గేటు దగ్గరే పంపేస్తాను. ఇంకొకళ్ళ మాట నాకక్కర్లేదు."

పంపమ్మ భర్త కళ్ళలోకి చూసింది. ఒక్క మాట. నిలుస్తాయి. ఆ ఒక్క మాట అంటే చాలు.

"ముందు మోటారు వెయ్యండయ్యా, తర్వాత కబుర్లు చెప్పుకోండి" అంది టైలరమ్మ వరసలోంచి. "పిల్లలకి అన్నం వండాలి ఇంకా."

గోడకి స్టార్టరు పెట్టె. పిల్లలు వేలు పెట్టకుండా దానికో తాళం. మేస్త్రి జేబులోంచి తాళంచెవి తీశాడు. పెట్టె వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి, దాన్ని వియ్యంకుడి చేతిలో పెట్టాడు.

"మీరే వెయ్యండి బావగారూ."

"నేనా? నాకేం తెలుసు?"

"పచ్చ బటను నొక్కడమే. వేసి, ఇంటికెళ్ళి మీ బావి దగ్గర కూర్చోండి. మీరడిగినదానికి జవాబు అక్కడ కనిపిస్తుంది."

వియ్యంకుడు తాళంచెవి వైపు చూశాడు. బోరు నోటి వైపు చూశాడు. తర్వాత సందు అవతల తన నర్సరీ గోడ వైపు చూశాడు. నెమ్మదైన మనిషి. ఆకు ఎందుకు పండిందో తేల్చుకోవడానికి కూడా చెట్టు చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. ఆయన ముఖంలో ఒక్కొక్క సంగతే అర్థమై దిగడం పంపమ్మకి కనిపించింది.

"మొన్న సాయంత్రం కదూ మీ మోటారు ఆగింది?" అన్నాడు.

"అవును."

"మీకెప్పుడు తెలిసింది?"

"ఇవాళ. చిట్టి నీళ్ళు తెచ్చాక."

"చెల్లెమ్మకి?"

"నాకూ అప్పుడే" అంది పంపమ్మ. ఊరుకుని ఉండవచ్చు. ఊరుకోలేకపోయింది. "ఎవరికీ చెప్పొద్దన్నది నేనే అన్నయ్యగారూ. పిల్ల దూరం వెళుతుందని."

చిట్టి బిందె కింద పెట్టింది. తండ్రి వైపు, తల్లి వైపు, మామగారి వైపు చూసింది.

వరసలో ఎవరి పిల్లో దాహమని ఏడ్చింది. వియ్యంకుడు అటు చూశాడు. వెళ్ళి తాళం తీసి, పచ్చ బటను నొక్కాడు. కింద ఎక్కడో గుర్రుమంది. కొళాయి దగ్గి, ఎర్రటి నీళ్ళు ఉమ్మి, తర్వాత తెల్లగా ధార కట్టింది. వీధి అంతా హమ్మయ్య అంది.

ఆయన పెట్టె మూసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"పదమ్మా, ఇంటికి" అన్నాడు కోడలితో, గట్టిగా కూడా కాదు.

చిట్టి ఒక్క క్షణం తల్లి వైపు చూసి, ఆయన వెనకే వెళ్ళింది. పెరటి తలుపు కిర్రుమని మూసుకుంది.

బిందెలన్నీ నిండాయి. వీధి ఖాళీ అయింది. వైండింగాయన పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోయాడు. చివరికి కొళాయి కింద ఒక్కటే మిగిలింది, చిట్టి వదిలేసి వెళ్ళిన బిందె. అది నిండి, పొంగి, గచ్చు మీద పారుతోంది.

"ఆపండి" అంది పంపమ్మ.

"తాళంచెవి ఆయన దగ్గరుంది."

"ఫ్యూజు పీకండి. క్షణం పని."

మేస్త్రి గులాబీ కుండీ పక్కన అరుగు మీద కూర్చున్నాడు. కదల్లేదు. "నేను ఆపను. ఏడాదిగా ఏం జరిగిందో ఆయన్ని పూర్తిగా చూడనీ. చూసి, ఆయనే వచ్చి ఆపాలి."

"రాకపోతే?"

ఆయన పారుతున్న నీళ్ళ వైపు చూశాడు.

నీళ్ళు గచ్చు దాటి, కాలవలోకి దారి చేసుకున్నాయి. ఒక్కో చుక్కా ఎక్కణ్ణుంచి వస్తోందో ఇప్పుడు పంపమ్మకి తెలుసు. పొద్దున మునిగిన ఆ రెండు వరలు ఆమె కళ్ళ ముందు మెల్లగా పైకి తేలుతున్నాయి.

ఆమె చెప్పులు వేసుకుంది. బిందె ఎత్తి చంకన పెట్టుకుంది. కూతురు ఏడాదిగా మోసిన బరువు ఎంతో ఇవాళే తెలిసింది. పెరటి తలుపు తీసి సందులోకి అడుగుపెట్టింది.

సగం దూరం నడిచినా మోటారు చప్పుడు తగ్గలేదు. అది వెనక నుంచి కాదు, పాదాల కింద నుంచి వస్తున్నట్టుంది. నర్సరీ గేటు తీసే ఉంది. గేటు ముందు, లైట్లు ఇంకా ఆర్పని కారు ఒకటి ఆగి ఉంది.